తూర్పుకి వేలెడంత

రాత్రంతా పెద్దాసుపత్రిలో
నలభై రెండు మంచాల దగ్గులు విని
పొద్దున బస్సు కిటికీకి తల ఆనించి
గాజులమండ్యం రోడ్డులో దిగి
రెండిడ్లీలు మింగి
తలుపు సందుల్లో పాత చీరలు కుక్కి పడుకుంటానా,
ఎనిమిదీ పదికి వస్తుంది అది.

పెద్ద విమానమైతే ఒకసారి ఉరిమి పోతుంది.
దానికో ఊరుంటుంది, తొందరుంటుంది.
ఇది అట్ల కాదు.
ఇద్దరు కూర్చునే తెల్ల పురుగు,
ఎగరడం నేర్పించే బడిదంట.
లేస్తుంది, కరకంబాడి కొండ తట్టు పోతుంది,
మరిచిపోయిన గొడుగు కోసం వచ్చినట్టు
మళ్లీ నా రేకుల మీదికే వస్తుంది.
గూట్లో స్టీలు గ్లాసులు
ఒకదాన్నొకటి గిల్లుకుంటాయి.

లెక్క రాసినాను,
జ్వరాల చార్టు రాసే చెయ్యే కదా.
మంగళవారం పదిహేడు చుట్లు.
బుధవారం ఇరవై మూడు.
గురువారం రాయలేదు, ఏడ్చినాను.

"దూది పెట్టుకోమ్మే" అనింది పక్కింటి రాజమ్మాళ్.
పెట్టుకున్నా.
దూది లోపల నా రక్తమే ఇంజనులా తిరిగింది.
సోమవారం అర్జీ ఇచ్చినా.
రసీదు ఇచ్చినారు, శానా మర్యాదగా.
రసీదు పరుచుకోని పడుకోలేం కదా.

ఒక రాత్రి సెలైన్ సీసా మార్చబోయి
వేరే మంచం దగ్గర నిలబడి ఉండాను.
పేరు అడిగినా కాబట్టి సరిపోయింది.
ఆ పెద్దాయన నవ్వినాడు.
నేను నవ్వలేదు.
తెల్లారినాక ఇంటికి పోలేదు,
యూనిఫాంతోనే ఆ బడికి పోయినా.

మేనేజరు ధనశేఖర్ కుర్చీ వేసినాడు, మజ్జిగ ఇచ్చినాడు.
దారంతా తిట్లు కూడబెట్టుకోని పోయినదాన్ని
మజ్జిగలో కరివేపాకు ఏరుకుంటా కూర్చున్నా.
గోడ మీద పటం చూపించినాడు.
"ఇదిగోమ్మా మలుపు. కింద అంతా ఖాళీ."
చూసినా.
రోడ్డుంది, వాగుంది, కరెంటు తీగలున్నాయి.
మా కాలనీ నూటా పది ఇళ్లు లేవు.
పదకొండేళ్లుగా నేను ఇంటిపన్ను కట్టింది
ఒక లేత పసుపు రంగుకి.

మూలలో ఒక పిల్ల, నవనీత, పుత్తూరంట.
నా కళ్ల కిందుండే నలుపే దాని కళ్ల కింద.
"రాత్రంతా చదువుతానక్కా.
దించేటప్పుడు చేతులు వణుకుతాయి.
అందుకే మళ్లీ మళ్లీ తిప్పిస్తారు."
ఏమనాలో తెలీక
"కాఫీ తగ్గించు" అన్నా.

జేబులో ఎర్ర పెన్ను తీసినా,
రోగికి ఏ మందు పడదో రాసే పెన్ను.
పసుపులో చుక్క పెట్టినా. పక్కన రాసినా:
ఇక్కడ ఒక మనిషి పగలు నిద్రపోతుంది.
ధనశేఖర్ తల గోక్కున్నాడు,
స్కేలు పెట్టి మలుపుని
వేలెడంత తూర్పుకి జరిపినాడు.

వేలెడంత అంటే నేల మీద రెండు మైళ్లు.
ఆ రోజు పడుకోని లేచేసరికి
ఏ పూటో తెలీలేదు.
దిండు మీద చెంప గుర్తు చూసి
సంబరపడిందాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటా లోకంలో.

మూడు వారాలు.

పోలియో ఆదివారం నాకు ఇటుక బట్టీల డ్యూటీ పడింది.
ఐసు డబ్బా భుజాన వేసుకోని పోతే
తాటాకు గుడిసె, చీర ఊయల, నెలల బిడ్డ.
నోరు తెరిపించే పని లేదు,
ఏడుస్తా తెరిచే ఉంది.
పైన తెల్ల పురుగు.
నాకు బాగా తెలిసిన గొంతు.
"పోయిన నెల దాకా ఇట్ల లేదమ్మా," అనింది చెంచులమ్మ,
"ఎవురు మళ్లించినారో ఏమో మా మీదికి."

రెండు చుక్కలు వేసినా.
చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టినా.
నా వేలికీ అంటింది.
జేబులో ఎర్ర పెన్ను తడుముకుంటా
పటంలో తూర్పుకి ఇంకా ఎంత పసుపు మిగిలుందో
గుర్తు తెచ్చుకుంటా నిలబడినా.